అవతలివాడు పాస్ అన్నప్పుడు

టోక్యో, 1989 జూన్ 6

ప్రియమైన షికానో మాస్టారికి,

మీ దగ్గర నల్లరాళ్లు, తెల్లరాళ్లు పేర్చి స్థలం చుట్టుకునే గో ఆట నేర్చుకున్న ఓరియే ఇప్పుడు కంప్యూటరుకు గో నేర్పుతోంది. నలుగురూ చేరి గో ఆడుకునే మీ కొట్లో కూడా కంప్యూటరు పెట్టారని విని ఫ్లాపీ పంపుతున్నాను. అందరూ ఆడి, తప్పులు మొహమాటం లేకుండా రాయండి. అక్టోబరులో గో ప్రోగ్రాముల పోటీ ఉంది. ఈసారీ చివరన నిలిస్తే మా విభాగం మూసేస్తానని మేనేజరు తేల్చి చెప్పాడు. ఆరేళ్ల నా పని, మాస్టారూ.

మీ ఓరియే

త్సురువోకా, జూన్ 25

చిరంజీవి ఓరియేకి,

నీ యంత్రానికి ఆడటం వచ్చు, ఆపడం రాదు. ఆట అయిపోయిందని నా వంతు వదిలేసి పాస్ అన్నాను. ఇద్దరూ పాస్ అంటే ఆట ముగియాలి కదా. అదేమో గెలుచుకున్న స్థలాన్ని తన రాళ్లతోనే పూడ్చుకుంటూ పోయి, చుట్టూ ఖాళీ లేక ఊపిరాడక చచ్చింది. టోఫూ కొట్టాయన హిరాబుకి ఉన్నాడే, పగలబడి నవ్వాడు. "ఏం మాస్టారూ, శిష్యురాలికి నేర్పింది ఇదేనా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంకోటి. ఒక ఆటలో, మూడు చోట్ల ఒకరి రాయి ఒకరు తీసుకునే చిక్కు పడింది. నేనొకటి తీస్తే అదొకటి తీస్తుంది, బల్ల మళ్లీ మొదటికొస్తుంది. మనుషులైతే "ఇది తేలదు, ఇంకో ఆట వేద్దాం" అంటారు. అది నన్ను సాయంత్రం దాకా తిప్పింది. బార్లీ టీ రెండు కెటిళ్లు ఖాళీ.

ఆశీస్సులతో, షికానో

టోక్యో, జూలై 14

ప్రియమైన మాస్టారికి,

హిరాబుకి గారిని ఇక నవ్వమనండి చూద్దాం! ఇప్పుడు బల్ల మీది ప్రతి అమరికా దానికి గుర్తుంటుంది. పాతదే మళ్లీ వస్తే చెప్పేస్తుంది.

ఇక పాస్ సంగతి. నా తొమ్మిదో ఏట మీరేమన్నారో గుర్తుందా? "అవతలివాడు పాస్ అంటే నువ్వూ పాస్ అను. ఇంకా గెలకడం మర్యాద కాదు." ఆ మాటే ప్రోగ్రాములో ఒక్క లైనుగా రాశాను. ఇన్నేళ్లకు కూడా నాకు అక్కరకొచ్చేది మీ పాఠమే.

కృతజ్ఞతలతో, మీ ఓరియే

త్సురువోకా, అక్టోబరు 10, ఎక్స్‌ప్రెస్ ఉత్తరం

అమ్మా ఓరియే,

ఆ లైను తీసెయ్. వెంటనే.

హిరాబుకి కిటుకు పట్టేశాడు. కాస్త పైచేయి కాగానే పాస్ అంటాడు. సగం పని మిగిలున్నా నీ యంత్రమూ పాస్ అంటుంది. పదకొండు ఆటలు అలాగే కొట్టేశాడు. అందరూ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు.

ఆ మర్యాద నేను కల్పించింది. నీ తొమ్మిదో ఏట, ఆ మంచు రోజున నువ్వు ఇంకొక్క ఎత్తు వేస్తే మూలనున్న నా రాళ్లన్నీ చచ్చేవి, ఆట నీదయ్యేది. కొట్టు నిండా జనం. తొమ్మిదేళ్ల పిల్ల చేతిలో ఓడతానని భయపడి పాస్ అన్నాను. రాయి పట్టుకుని ఆ మూలకేసే చూస్తున్న నీకు ఆ నీతి చెప్పాను. నువ్వు రాయి డబ్బాలో వేసి, తల వంచి దణ్ణం పెట్టావు. ఇరవయ్యేడేళ్లుగా అది దొంగగెలుపు. జూలైలోనే రాయాల్సింది, సిగ్గుతో ఆగాను. నా అబద్ధం నీ ఆరేళ్ల పనిని ముంచకూడదు. క్షమించమనడానికి మొహం చెల్లడం లేదు.

షికానో

టోక్యో, అక్టోబరు 24

నా ప్రియమైన మాస్టారికి,

పోటీకి రెండు రోజుల ముందు మీ ఉత్తరం అందింది. ఆ లైను తీసేశాను. ఇప్పుడు అవతలివాడు పాస్ అన్నా, ఇంకా లాభముందేమో చూసుకున్నాకే ఇది పాస్ అంటుంది. మూడో ఆటలో మనం ఒక రాయి తీశాం. అలా తీసిన మన రాయిని వెంటనే తిరిగి తీయకూడదన్న నియమం వల్ల అవతలి ప్రోగ్రాము ఏమీ తోచక పాస్ అంది. మనది అనలేదు. రాయి తీసిన ఆ ఖాళీని, అవతలిది తిరిగి తీయలేకుండా పూడ్చుకుని ఒక్క పాయింటుతో గెలిచింది! మూడో స్థానం. విభాగం నిలబడింది. మీరు సిగ్గు చంపుకుని రాయకపోతే మా పని సరి. ఆ ఉత్తరం రాయడానికి మీరెంత నలిగారో నాకు తెలుసు. మీ రుణం తీర్చుకోలేను.

మాస్టారూ, ఆ మంచు రోజు ఆట నాకు ప్రతి రాయీ గుర్తే. అది బల్ల మీద పేర్చి, మూలని చంపమని యంత్రానికి చెప్పాను. రెండు వైపులా తనే ఆడుతూ, ఒకరి రాళ్లొకరు తీసే చిక్కులో పడి, నాలుగు ఎత్తులకే "ఈ అమరిక ఇంతకుముందు వచ్చింది" అంది. మళ్లీ వేశాను, మళ్లీ అదే మాట. నమ్మకం లేక పోటీ రిఫరీకి చూపించాను. ఆయన నవ్వేశాడు. "మీ మాస్టారు ఆగితే మూల పోతుంది. మీరు ఆగితే మూల బతికి మీ ఆట పోతుంది. ఇద్దరూ ఆగరు. ఇది ఫలితం లేని ఆటమ్మా" అన్నాడు.

మీరు దొంగిలించడానికి నా దగ్గర గెలుపే లేదు. మనం ఇంకో ఆట ఆడాలి, అంతే. ఆదివారం పొద్దుటి రైలుకు వస్తున్నాను. మీరెంత తొందరపడి పాస్ అన్నా, ఈసారి నేను అనను.

ఎప్పటికీ మీ శిష్యురాలు, ఓరియే