భీముడి తుడుము ఉన్న నాలుగు మైనపు గొట్టాలు

విశాఖపట్నం ఏజెన్సీ, అరకు లోయలో మిషన్ బడి పక్కన కాపురముంటున్న మాజీ ఉపాధ్యాయుడు దైవాధీనం అనే నేను, అరవై రెండో ఏట, ఛాతీ జబ్బు ముదిరినా తెలివి చెడకుండా, ఎవరి ఒత్తిడికీ లోబడకుండా, స్వహస్తంతో రాసుకున్న వీలునామా. లోగడ రాసినవి ఏవైనా ఉంటే ఇందుమూలంగా రద్దు. దీన్ని అమలుపరచవలసినది సంతలో ఉప్పు అమ్మే వరహాలరావు. ఆయనకు చదువు వచ్చు, తొందర తెలియదు.

1. ఇల్లు మిషన్‌ది. పుస్తకాలు, బల్ల బడికి చెందాలి. నా ఉన్ని కంబళి రోడ్డు పనిలో కాలు పోగొట్టుకున్న ధనరాజుకు ఇవ్వాలి. ఆయనకు చలి ఎక్కువ.

2. కొమ్ము ఉన్న ఫోనోగ్రాఫు యంత్రం, నాలుగు మైనపు గొట్టాలు నా తదనంతరం కీర్తిశేషుడు భీముడి భార్య సోములమ్మకు సర్వహక్కులతో దఖలు.

భీముడు ఇక్కడి కొండవాళ్ల థింసా ఆటకు తుడుము అనే డప్పు వాయించేవాడు. మిషన్ గుడిలో కీర్తనలు పట్టడానికి మద్రాసు నుంచి తెప్పించిన యంత్రాన్ని 1919లో వాళ్ల వేట పండగకు, ఇటుకల పండగకు, మోసుకెళ్లి, అతని వాయింపు మైనం మీద పట్టాను. మర్నాడు తిరిగి వినిపిస్తే నవ్వాడు. "ఇక్కడ తప్పినాను బాబూ. తప్పబట్టే కొత్త దారి దొరికింది" అన్నాడు. మళ్లీ అలాగే వాయించమన్నాను. "నిన్న వాయించింది నిన్నతో అయిపోనాది. అదే మల్లీ ఎలాగొత్తాది?" అన్నాడు. రాలేదు కూడా. ఆ మరుసటిది ఇంకా బాగుంది.

సూది తిరిగినప్పుడల్లా మైనం అరుగుతుంది. అందుకని అతను పోయాక ఏడాదికొక్కసారే, తలుపు వేసుకుని విన్నాను. ఒకసారి కిటికీ సందులోంచి చూస్తే సోములమ్మ కట్టెల మోపుతో వీధిలో నిలబడిపోయి ఉంది. యంత్రం ఆపేశాను. ఆమె చాలాసేపు కదలలేదు. తలుపు తీయలేదు నేను. ఇక ఆమె ఎన్నిసార్లయినా వినవచ్చు. అరిగిపోతే అరిగిపోనివ్వాలి. ఎవరూ అడ్డు చెప్పరాదు.

3. అయిదో గొట్టం ఒకటి ఉండేది. నా తమ్ముడు, సంఘపెద్ద ఎలీయేజరు, నేను ఊళ్లో లేనప్పుడు దాని మైనం గీకించి, తన ప్రార్థన నింపాడు. "దెయ్యాల డప్పు కంటే ఇది మేలు గదా అన్నయ్యా" అన్నాడు. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. సదరు గొట్టం అతనికే చెందుతుంది. క్షమించానని రాయడానికి మూడుసార్లు కలం ఎత్తాను. ఇంతవరకే రాయగలిగాను.

4. గొట్టాలు అప్పగించే ముందు వరహాలరావు ఈ పేరా సోములమ్మకు చదివి వినిపించాలి.

అమ్మా, 1923లో ఘాటురోడ్డు పనికి మనుషుల్ని పట్టుకుపోతున్నప్పుడు భీముడు ఒణుకుతూ నా గుమ్మంలోకి వచ్చాడు. "జొరమొచ్చిందని ఓ సీటీ రాసియ్యి బాబూ, ఒగ్గేత్తారు" అన్నాడు. ఆ ముందు వారం వాయించడానికి వస్తానన్నవాడు రాలేదని, సిద్ధం చేసిన నా గొట్టం వృథా అయిందని కోపంగా ఉన్నాను. సోమవారం రమ్మన్నాను. నాలుగు ముక్కలు రాసే పని. ఆదివారమే తీసుకుపోయారు. తొమ్మిదో రోజున రోడ్డు పక్కనే కన్నుమూశాడు. చీటీ అడిగాడని నీకు తెలియదు. తెలిసిన ఒక్కడినీ నేను నోరు మూసుకున్నాను. ఇది విన్నాక నా చేతి వస్తువు వద్దనిపిస్తే పారెయ్యి. తప్పు నీది కాదు.

5. నా సమాధి దగ్గర ప్రసంగం వద్దు.

6. నాలుగో గొట్టం చివర నా గొంతు పడింది: "చాలు భీమా, మైనం అయిపోయింది." అతను ఆపలేదు. పొద్దు వాలేదాకా వాయిస్తూనే ఉన్నాడు. ఆటకత్తెలు అలసి కూర్చున్నా వాయించాడు. అది ఏ గొట్టంలోనూ లేదు కనుక ఎవరికీ రాసివ్వలేను. నేను యంత్రాన్ని గుడ్డలో చుట్టుకుంటూ ఉన్నాను, వినలేదు.

1927 నవంబరు 21వ తేదీ.

(చేవ్రాలు) దైవాధీనం

మా ఎదుట చదివి సంతకం చేశారని సాక్షులు:
తెరిసమ్మ, మిషన్ ఆసుపత్రి నర్సు
యర్రయ్య, రైతు (ఎడమచేతి బొటనవేలి ముద్ర)