మట్టి తీసే పని

1959 మార్చి, ఆదివారం. వికారాబాద్.

పొద్దున రైల్లో తాండూరు వెళ్ళాను. శాబాదు బండలు తీసే గని కూలీల పేటలో ఈ రోజు ప్రసంగం నాది. పాస్టరు చదువు చదువుతున్న సెమినరీలో మూడు వారాలు కూర్చుని రాసుకున్నది. ఇల్లు కట్టేవాడికి బండ దొరికితే చాలు, ఇల్లు నిలిచినట్టే అని గట్టిగా చెప్పాను. ముందు కూర్చున్న దేవయ్య తాత నవ్వాడు. జీవితమంతా గనిలోనే గడిపిన మనిషి.

"బండ యాడికి పోతది అయ్యగారూ? అడుగున్నే ఉంటది. మీద మట్టి తీసుడే కష్టం. మా జిందగీ అంత గా మట్టి తీసుట్లనే పాయె."

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. చేతిలో ఇంకా ఆరు పేజీలున్నాయి. మడిచి జేబులో పెట్టుకుని, "ఎట్ల తీస్తవ్ తాతా, జర చెప్పు" అన్నాను. తక్కిన ప్రసంగమంతా ఆయనదే.

గదికి వచ్చి, బైబిల్లో బండ మీద ఇల్లు కట్టినవాడి గురించిన ఆ వాక్యం మళ్ళీ చదివాను. ఆ మనిషి లోతుగా తవ్వాడని స్పష్టంగా ఉంది. ఎన్నిసార్లు చదివానో, ఆ తవ్వడం ఒక్కసారీ నా కంటబడలేదు.

ప్రసంగం సగంలో ఆపానని రేపు ప్రిన్సిపాల్ గారికి చెప్పాలి. మార్కులు తగ్గిస్తారేమో... తగ్గించనీ. అడుగున బండ ఉందన్న విషయంలో నాకు అనుమానం లేదు. ఇవాళ ఆరు పేజీల మట్టి తీశాను.