కొండ సంగతులు అడిగినావిడ

1963 ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

కల్లంలో మిరపకాయలు ఆరబోస్తుంటే యూనివర్సిటీ నుంచి ఒకావిడ వచ్చింది. మా వెనక కొండ అడవిలో ఏయే జంతువులున్నాయని అడిగింది. "ఏమీ లేవండీ" అన్నారు మావారు. ఉన్నాయంటే గవర్నమెంటు అడవికి కంచె వేస్తుందనీ, మా గొడ్లకి మేత ఉండదనీ ఆయన భయం.

ఆవిడ మా అమ్మాయి కమల వైపు తిరిగి, బడికి పోవడం లేదని తెలుసుకుని "బడి ఎందుకు మానేశావమ్మా?" అంది.

"అడవిపందులు పడతాయని జొన్నచేను కాపలాకండీ" అనేసింది పిల్ల. ఆయన ముఖం మాడిపోయింది.

ఆవిడ వెళ్ళాక, "అడవి లెక్కలకొచ్చినావిడకి మన పిల్ల చదువు సంగతెందుకే? ఇదేదో గవర్నమెంటు ఎత్తు" అని రుసరుసలాడారు.

నా అనుమానం వేరు. వెళ్తూ వెళ్తూ ఆవిడ కమల చెవిలో ఏదో చెప్పింది. ఏమిటని కమలని అడిగితే "ఏం లేదమ్మా" అంది. నా దగ్గర ఏదీ దాచే పిల్ల కాదు.

ఇందాక చూస్తే, అటక మీది తన పాత బడి పుస్తకాలు దిండు కింద పెట్టుకుని పడుకుంది. ఆయనకు చెప్పలేదు.