చెట్టు కొలతకి నిలబెట్టిన మనిషి

సెప్టెంబరు 15, సోమ

లత పేటలో ఉన్న నా ఫ్రేముల కొట్టుకి ఊ సో ఒక బొమ్మ తెచ్చాడు. పాత బొమ్మలు హోటళ్లకి అమ్మే పెద్దమనిషి. దొర ఎవడో రెండు వందల ఏళ్ల కిందట ఈ ఊళ్లోనే గీశాడట. పెన్సిలు గీతలు, పైన గోధుమరంగు నీళ్ల పూత. ఏరు, దూరంగా పగోడా, ఇటు పక్క ఆకాశానికి తగిలే చెట్టు. చెట్టు కింద గోచీ మనిషి, నెత్తిన మూట. మొహం లేదు — చిన్న మసక.

చుట్టూ అట్ట, పైన అద్దం వెయ్యాలి.

16, మంగళ

పెద్దమ్మ, మింగళ తౌంగ్‌న్యున్ పేట నుంచి బస్సెక్కి వచ్చింది, నన్ను తిట్టిపోవడానికి. ఊరుకుంటానా... బొమ్మ చూపించి, "ఇదిగో, పెదనాన్న వంశంలో మన దేశం నుంచి వచ్చి ఇక్కడ ఓడ దిగిన మొదటివాడు" అన్నాను, నవ్వు బిగబట్టి. చీపురు తీస్తుందనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"మీ పెదనాన్నలాగే నిలబడ్డాడ్రా."

నవ్వు నోట్లోనే ఉండిపోయింది.

17, బుధ

ఊ సోని అడిగాను — ఎవరా మనిషి?

"ఎవరూ కాదు. చెట్టు ఎంత పెద్దదో తెలియడానికి వేస్తారు. ఆ కాలం దొరల పద్ధతే అది. కొండ పక్కన పశువుల కాపరి, చెట్టు కింద కూలీ."

ఆయన వెళ్లాక మనిషిని బొటనవేలితో మూశాను. చెట్టు పొదైపోయింది. వేలు తీస్తే మళ్లీ ఆకాశం దాకా. మూయడం, తీయడం... ఇంత గొప్ప చెట్టూ వీడి పొట్టితనం మీద నిలబడిందా? నేనే ఎక్కువ చూస్తున్నానా? దొరల పటాలాల వెంట మూటలు మోస్తూ మన తెలుగువాళ్లు ఇక్కడికి వచ్చారంటారు. వీడు మావాడే అయితే కావచ్చు కూడా — ఛ, నా అబద్ధం నేనే నమ్మడమా.

19, శుక్ర

ఊ సో ఫోను. హోటలువాళ్లకి గోచీ మనిషి వద్దట. అట్ట కింది అంచు పైకి జరిపి కప్పెయ్యాలట.

"చెట్టు చిన్నదైపోతుంది కదా?"

"ఎవరు కొలుస్తారు, కో రాజూ?" మర్యాదకి మాత్రం పేరు ముందు 'కో' తగిలిస్తాడు.

సోమవారం పట్టుకుపోతాడు. అట్ట మీద గీత పెట్టాను. కత్తి పెట్టలేదు.

20, శని

రేపు పెద్దల అమావాస్య, పోయినవాళ్లకి బట్టలు పెట్టే రోజు. పెద్దమ్మ ఇంట్లో పాతవాళ్ల ఫోటో ఒక్కటీ లేదు. "ఇన్నేళ్లూ సెంబుకే బట్టలెట్టేను. ఈ ఏడు ఆ బొమ్మలో మనిసికెడతాను. కొట్టుకే వొస్తాను" అంది ఫోనులో.

"పెద్దమ్మా, అది ఊరికే ఆటపట్టించాను."

"నీ ఎదవేసాలు నాకు తెలవ్వేటి? నోర్ముయ్."

తెలిసే వస్తోందా? తెలియకా? ఏమీ పాలుపోవడం లేదు.

21, ఆది

వచ్చింది. కొత్త పంచె, అంచులకి పసుపు. బొమ్మ ముందు పెట్టి దొరని తిట్టడం అందుకుంది — "ఆకులన్నీ గీసినాడు గానీ, పంచె గియ్యడానికి సెయ్యి రాలేదేటి ఈడికి!"

నా దోసిట్లో తర్పణం నీళ్లు పోసింది. "నాకు కొడుకుల్లేరు, నువ్వే ఒగ్గాల. పేరు సెప్పి ఒగ్గు."

పేరు.

ఈ వీధిలో నేను మారుపేరు పెట్టని మనిషి లేడు. ఒక్కటీ నోటికి రాలేదు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి.

"పర్లేదురా" అంది. "వొచ్చే ఏటికి కనుక్కోని సెప్పు."

పంచె ఇక్కడే వదిలి వెళ్లింది. రేపు పొద్దున్నే ఊ సో వస్తాడు. అట్ట కొయ్యలేదు. పంచె ఎక్కడ పెట్టాలో తెలియక, ఒళ్లో పెట్టుకునే రాస్తున్నాను...