రెండడుగుల మన్ను

తమిళనాడు, కృష్ణగిరి జిల్లా ఉద్దనపల్లి నివాసి రామకృష్ణప్ప అనే నేను, డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు ఇచ్చిన చీటీ జతచేశాను. రిజిస్ట్రారు ఆఫీసుకు తమిళ ప్రతి వేరే ఉంది. మనుషులను తిట్టడం నాకు తెలుగులోనే వచ్చు.

1. మూడెకరాల మెట్ట నా స్వార్జితం. 1981లో కొన్నాను. అందులో రాళ్లు ఏరింది, గంపలతో చెరువు మట్టి మోసింది నా భార్య ఆదిలక్ష్మమ్మ. ఈ భూమిలో నా కొడుకు అశోక్‌కు సెంటు కూడా లేదు. కారణం రాయాలి.

వాడు వ్యవసాయ డిగ్రీ చదివాడు. పోయిన ఏడు నేను గుండె ఆపరేషనుకు బెంగళూరులో ఉన్న పదకొండు రోజుల్లో, పైమన్ను రెండడుగులు తవ్వించి, హోసూరు దగ్గర ఒక లేఅవుటుకు మెరక వేయడానికి అమ్మేశాడు. అడిగితే, "మన్నే కదా నాయనా, మళ్ళా వస్తాది లే" అన్నాడు. అంగుళం మన్ను తయారవడానికి వందల ఏళ్లు పడుతుందని వాడి రెండో సంవత్సరం పుస్తకంలోనే ఉంది.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు గట్టు మీద నిలబడి చూశాను. ఏడుపు రాలేదు. ఆకలి వేసింది. ఇంటికొచ్చి రాగిముద్ద తిన్నాను. అప్పటి నుంచీ ఆ ఆకలి అలాగే ఉంది.

2. అశోక్ కాలేజీ పుస్తకాలు పద్నాలుగూ అశోక్‌కే. నేను చదవడానికి తీసేనాటికి కొన్నిటి కాగితాలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

3. భూమి, బోరు నా కూతురు సుమకు. ఆ వ్యవసాయ చదువుకు సరిపడా మార్కులు ముందు వచ్చింది ఆమెకే. "ఆడబిడ్డకు మడక దున్నే చదువు ఏంటికి?" అన్నది నేనే. రెండేళ్లకు అదే సీటు కోసం అశోక్‌ను వెంటబెట్టుకుని తిరిగినాను. తిట్టవలసినవారిలో నా పేరూ రాసుకోండి.

సుమ ఇప్పుడు తళిలో క్యాప్సికం పండిస్తోంది. సంగతి తెలిసి స్కూటీ మీద వచ్చి, ఆరుచోట్ల మట్టి తీసి పరీక్ష చేయించింది. "పదేండ్లు పడ్తాది నాయనా. ఏడాదేడాదీ జనుము చల్లి, పచ్చిరొట్టగా మన్నులో కలిపి దున్నల్ల" అంది. నన్ను ఒక్క మాట అనలేదు.

4. చేను మూలలో ఆదిలక్ష్మమ్మ సమాధి ఉంది. అశోక్‌కు భయం కనుక ఆ పదడుగుల చోటు తవ్వించలేదు. ఇప్పుడది తిన్నెలా ఎత్తుగా కనిపిస్తుంది. పాత మన్ను అక్కడే మిగిలింది. "అమ్మ దగ్గర మన్ను బతికే ఉండాది, కొంచెం తీసుకుంటా" అని సుమ అడిగితే కసిరి పంపాను. ఆ మాట రద్దు చేస్తున్నాను. పైన జానెడు తీసి చేనంతా చల్లుకోవచ్చు. ఆదిలక్ష్మమ్మ కాదనదు.

5. ఈ వీలునామా అమలు చేయవలసినవాడు పక్క చేను దాసప్ప. గట్టు కోసం నాతో ఇరవై రెండేళ్లు కోర్టులో కొట్లాడాడు. నా లెక్కలో ఇప్పటికీ దొంగే. అయితే టిప్పర్లు వచ్చిన రోజు దారికి అడ్డంగా పడుకున్నవాడు ఊరంతటిలో ఆయనొక్కడే. "ఆ ముసలోడు వచ్చేదాకా ఆగండప్పా, నేను కొట్లాడాల్సింది ఆయప్పతో" అన్నాడట. పక్కకు లాగేసి పోయారు.

6. చేలోనే పూడ్చడం మావాళ్ల ఆచారం. నన్ను పూడ్చవద్దు. అక్కడ తవ్వింది చాలు. కాల్చి, బూడిద సుమకు ఇవ్వండి. కట్టెల బూడిదలో పొటాష్, ఎముకల్లో భాస్వరం ఉంటాయి. మూడెకరాలకు అది ఏ మూలకూ రాదు. తెలుసు. జనుము విత్తే ముందు చల్లాలి.

ఉద్దనపల్లి, 11 నవంబరు 2024

(సంతకం) రామకృష్ణప్ప

మా ఎదుట సంతకం చేశారని సాక్షులు:
అంకప్ప, రిటైరైన పోస్ట్‌మాన్, ఉద్దనపల్లి
జ్ఞానాంబ, విత్తనాల అంగడి, హోసూరు