నీళ్ల మీద జిడ్డు

జూన్ 12
మళ్లీ అక్కి. ఎడమ పక్కటెముకల కింద మొదట సురసుర, తర్వాత పొక్కులు, పోయినేడు వచ్చిన చోటే. ముప్పై నాలుగేళ్లు దవాఖానలో నర్సుగా ఎంతమంది పుండ్లు కడిగానో... ఇప్పుడు జాకెట్టు అంచు తగిలితే నాకే ప్రాణం పోతోంది. డాక్టరమ్మ మందులు రాసి అంటుంది, "అరవై ఏడొచ్చినయి నీకు. ఒంట్ల రోగాన్ని ఆపే కావలోళ్లు గూడ ముసలోళ్లయిండ్రమ్మా." రోజూ కదలాలట. ఈ మోకాళ్లతోనా? "పొక్కులు ఎండినంక నీళ్లల్ల నడువు. నీ బరువు నీళ్లే మోస్తయి."
అక్కి మళ్లీ రాదని గ్యారంటీ ఇస్తారా అన్నాను. "ఇయ్య. కదిలేటోళ్లకు ఆ కావలి జర మెల్లగ ముసలిదైతదంటరు. గంతే."

జూలై 7
పొక్కులన్నీ ఎండి రాలిపోయాయి. పూల్ మా బ్లాకు కిందే. తెల్లాపూర్‌లో కూతురు సుజాత ఈ ఫ్లాటు కొని మూడేళ్లయినా నేను పాదం తడపలేదు. ఈరోజు పోతే గేటు దగ్గర ఆపారు. చీర వద్దు, పంజాబీ డ్రెస్సూ వద్దు, ఒంటికి అతుక్కునే నైలాన్ బట్టలే వేసుకోవాలట. ఆ రూలు రాసినవాడికి ఇంట్లో తల్లి లేదా?
సుజాత ఆఫీసు నుంచే ఆర్డర్ పెట్టింది. "ఫుల్ చేతులది ఉందమ్మా, పరేషాన్ గాకు."

జూలై 10
దిగాను. ఛాతీ దాకా నీళ్లు. మోకాళ్లు ఉన్న సంగతే మరిచిపోయాను. నవ్వొచ్చింది, ఒక్కదాన్నే నవ్వాను.

జూలై 21
ఐదుగురమయ్యాం. పది నుంచి పదకొండు సీనియర్ల గంట, అంటే మాది. పక్క బ్లాకు విజయలక్ష్మి గారిది భీమవరం, ఆమెకు అన్నీ అనుమానాలే. "క్లోరిన్‌కి చర్మం పగిలిపోతోందండి." దిగేముందు జర కొబ్బరినూనె రాసుకోండి అన్నాను. నర్సును కదా, అడిగితే ఊరుకోలేను.
షవర్‌లో వేడినీళ్లు బంద్ చేశారు, కరెంటు ఆదా అట. చన్నీళ్లు పోసుకుంటే దగ్గు. ఎవరమూ పోసుకోకుండానే పూల్‌లో దిగుతున్నాం.

ఆగస్టు 18
సుజాతకు జలుబు, మనవరాలికి జ్వరం. నాకు ఒక్క తుమ్ము లేదు. నీళ్ల వల్లో, ఊరికే జరిగిందో... ఏమైనా సరే, ఆ గంట లేకుండా నేనుండలేను.

ఆగస్టు 19
వాట్సాప్‌లో నోటీసు. సీనియర్ల గంట రద్దు! "నీళ్ల మీద జిడ్డు. పిల్లలకు ఇన్ఫెక్షన్ ప్రమాదం."
జిడ్డట. మేము జిడ్డు మనుషులమట. ఒళ్లు మండిపోతోంది.

ఆగస్టు 20
అసోసియేషన్ ఆఫీసుకు పోయాను. ప్రెసిడెంటుకు నలభై కూడా ఉండవు. ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తడు. "ఆంటీ, ఈ ఏజ్‌లో మీకు ఇమ్యూనిటీ తక్కువ ఉంటుంది కదా. మీ సేఫ్టీ కోసమే."
ఇమ్యూనిటీ గురించి నాకు చెప్తాడు! "నీ అసుంటోళ్లకు ఎన్ని టీకాలు పొడిచిననో ఎరుకేనా?" అన్నాను. అది పెంచుకోవడానికే నీళ్లలో దిగుతున్నాం, అది తక్కువని బయటకు తోస్తే ఎట్లా? పూల్ గేటుకు అప్పుడే బోర్డు కట్టారు, పది నుంచి పదకొండు పిల్లల ఈత కోచింగ్ అని. దానికి మా గంటే కావాల్సి వచ్చిందా అని కూడా అడిగాను. తల అప్పుడు ఎత్తాడు.

ఆగస్టు 21
విజయలక్ష్మి గారు వచ్చారు. సోఫా అంచున కూర్చుని చీర కొంగు మెలిపెడుతున్నారు.
"మరేనండీ... మీరు కొంచెం అన్నారు గానీ, నేను అరచేతినిండా రాసేదాన్ని. నువ్వుల నూనె. జలుబు చేయదని. మిగతా వాళ్లకీ నేనే చెప్పానండి."
ఐదుగురం. రోజూ. షవర్ లేకుండా.
ఆమె మీద అరవబోయాను. నూనె మాట మొదట అన్నది ఎవరు?

ఆగస్టు 24
అసోసియేషన్ మీటింగులో లేచి నిలబడ్డాను. "జిడ్డు మాదే. నూనె రాసుకొమ్మన్నది నేను. వేడినీళ్లు బంద్ పెట్టింది మీరు. గవి ఇయ్యుండ్రి, సబ్బుతోటి కడుక్కొని దిగుతం. పూల్ కడిగేతందుకు గూడ నేనే నిలబడ్త."
వెనక నుంచి ఎవరో, "పాపం, ఒప్పుకుంది పెద్దామె." పాపం ఏంది? నేనేమన్నా బిచ్చమడిగానా?
ప్రెసిడెంటు, "థాంక్యూ ఆంటీ, నోట్ చేసుకున్నాం." అంతే. తర్వాత పార్కింగ్ గొడవ మొదలైంది.

ఆగస్టు 28
పూల్‌లో పిల్లల కోచింగ్. గేటుకు తాళం, తాళంచెవి కోచ్ దగ్గర. ఒక పిల్లాడు ముక్కు చీది నీళ్లలోనే కడుక్కున్నాడు. అది మాత్రం జిడ్డు కాదు!

సెప్టెంబర్ 2
విజయలక్ష్మి గారి ఫోను. "ఇంకోసారి అడుగుదామండి, ఈసారి నేను మాట్లాడతాను." మోకాళ్లు పట్టేశాయి, బాత్రూమ్ దాకా గోడ పట్టుకుని పోతున్నాను. రేపు పదింటికి ఇద్దరం ఆఫీసుకు.
పొద్దుటి నుంచి ఎడమ పక్కటెముకల కింద సురసుర. దోమ అయ్యుంటుంది. జాకెట్టు ఎత్తి చూసుకోలేదు.