వీసా ప్రార్థనలో నీ పేరు

చిట్టీ,

నువ్వు పోయి ఏడాదైంది. నీకొక కబురు చెప్పాలి. యూరప్ వాళ్ళు వీసా లేకుండా బ్రిటన్ వెళ్ళి పనిచేసుకునే వీలు ఎత్తేస్తూ లండన్ పార్లమెంటులో ఓటేశారు. ఇక్కడి ఆసుపత్రిలో మా వార్డులోని రుమేనియా నర్సు ఎలీనా వచ్చే ఏడు లండన్లో ఉన్న వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోదామనుకుంది. ఇక ఆమెకూ వీసా కావాలి.

"వాళ్ళూ మన లైన్లోకొచ్చేశారక్కా, ఖలాస్, అంతా అయిపోయింది!" అని మా రూమ్‌లో ఉండే సునీత ఇక్కడి అరబ్బీ మాట కలిపి నవ్వింది. నువ్వయినా అదే అనేదానివి. నా దగ్గరికి రావడానికి వీసా కోసం ఎదురుచూస్తూనే పోయావు కదా, నాకు నవ్వు రాలేదు.

శుక్రవారం కుసైస్ పేటలోని మా ప్రార్థన గదిలో అందరం చేరినప్పుడు, ఎప్పటిలాగే వీసా రావలసినవాళ్ళ పేర్లు చెప్పి ప్రార్థించాను. ఎలీనా పేరు చెప్పబోతే అలవాటుగా నీ పేరు వచ్చేసింది. ఎవరూ దిద్దలేదు. సునీతే ముందుగా "ఆమెన్" అంది.

తరవాత ఎలీనా పేరు చెప్పాను.

పెద్దక్క